వైద్యములో అజాగ్రత్త – రోగి తెలిసికొనవలసిన విషయములు



వైద్యుని నారాయణునిగా తలచుట మన ఆచారము. ఆ గౌరవము ఉండవలసినదే. కాని గౌరవము వేరు, అడుగవలసినది అడుగకుండుట వేరు.

1963వ సంవత్సరము జూలైలో ఔరంగాబాదు ప్రభుత్వాసుపత్రిలో ఒక స్త్రీ ప్రసవించెను. పిదప ఆమెకు సంతాన నిరోధ శస్త్రచికిత్స చేసిరి. జ్వరము, కడుపునొప్పి పట్టుకొనెను. మరల కోసి చూడగా కడుపులో తుడుపుగుడ్డ యొకటి కనబడెను, చీము పట్టియుండెను. ఆ నెలలోనే ఆమె కన్నుమూసెను. ఉద్యోగుల అజాగ్రత్తకు ప్రభుత్వమే నష్టపరిహారము చెల్లింపవలెనని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పెను. అప్పటికి దాదాపు 33 ఏండ్లు గడచినవి. కుట్లు వేయుటకు ముందు గుడ్డలు లెక్క చూచుకొనుట గొప్ప విద్య కాదు. కాని ఆ చిన్న పని తప్పినచో ప్రాణమే పోవును.

ఇట్టి అజాగ్రత్తలు పలువిధములు. రోగిని సరిగా పరీక్షింపక మందు వ్రాయుట, ఒకరి మందు మరియొకరికి ఇచ్చుట, పడని మందు కలదా యని అడుగక ఇంజక్షను చేయుట, విషయము వివరించి సమ్మతి పొందక శస్త్రచికిత్సకు పూనుకొనుట మొదలైనవి. ఒకరికి గ్రుచ్చిన సూది మరియొకరికి గ్రుచ్చినచో కామెర్లు, ఎయిడ్సు వంటి వ్యాధులు సంక్రమింపవచ్చును. తాను చదువని పద్ధతిలో చికిత్స చేయుటయే అజాగ్రత్త యని 1996లోనే మరియొక తీర్పు వెలువడెను.

అయితే రోగము నయము కానంతమాత్రమున వైద్యుడు దోషి కాడు. సామాన్యమైన నేర్పు గల వైద్యుడు చూపదగిన శ్రద్ధ చూపెనా లేదా యనునదే ప్రశ్న. తీవ్రమైన అజాగ్రత్త యున్ననే నేరము మోపదగునని 2005లో సుప్రీంకోర్టు స్పష్టము చేసెను. కావున ఆసుపత్రిపై రాళ్లు రువ్వుట న్యాయము కాదు.

న్యాయమునకు మార్గము కలదు. రుసుము తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లో తీర్పు వచ్చెను. రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. అందరికిని ఉచితముగా చికిత్స చేయు ఆసుపత్రి విషయమైనచో సివిలు కోర్టునకు పోవచ్చును. ఆసుపత్రిలో చేరిన రోగి కోరినచో చికిత్సా పత్రములను 72 గంటలలోగా ఇయ్యవలెనని 2002 నాటి నిబంధన చెప్పుచున్నది.

మందుచీటి, పరీక్షల కాగితములు, రశీదులు భద్రపరచుడు. పడని మందు పేరు వ్రాసి దగ్గర నుంచుకొనుడు. చదువు వచ్చినవారు పొరుగువారి చీటిని చదివి, మందు పేరు, వేళ, మోతాదు విడమరచి చెప్పవలెను. గ్రంథాలయములో నేర్చిన అక్షరము ఊరికి చేయదగిన సేవలలో ఇది యొకటి.