వాట్స్ ఒక్కటే చూస్తే సరిపోదు! హై వోల్టేజ్ రెసిస్టర్ సంగతేంటి?

రెసిస్టర్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? ఎన్ని ఓమ్స్, ఎన్ని వాట్స్. అంతే కదా? కానీ చూడాల్సింది ఇంకోటి ఉంది. అది ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుంది? ఈ రోజు దాని గురించే చెప్తాను.

చిన్న లెక్క చేద్దాం. 10 మెగాఓమ్‌ల రెసిస్టర్‌కి 1000 వోల్టులు ఇచ్చామనుకోండి. అందులో ఖర్చయ్యే పవర్ 0.1 వాట్ మాత్రమే. పావు వాట్ రెసిస్టర్ చాలు అనిపిస్తుంది. కానీ చాలదు! మామూలు పావు వాట్ కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్ సాధారణంగా 250 వోల్టుల వరకే. అది దాటితే, పెద్దగా వేడెక్కకపోయినా లోపల స్పార్క్ దూకొచ్చు, విలువ మారిపోవచ్చు.

అందుకే హై వోల్టేజ్ రెసిస్టర్లు చాలావరకు పొడుగ్గా ఉంటాయి. సిరామిక్ మీద రుథేనియం ఆక్సైడ్ లాంటిది కలిపిన పేస్ట్‌ని పాములా మెలికలు తిరిగే గీతగా ప్రింట్ చేసి, బాగా వేడి మీద కాలుస్తారు. గీత పొడవు పెరిగితే ఒక్కో మిల్లీమీటర్ మీద పడే వోల్టేజ్ తగ్గుతుంది. పైన గాజు, సిలికోన్ లేదా ఎపాక్సీ పూత వేస్తారు. ఆ పూత మీద దుమ్ము, చెమట ఉంటే కరెంట్ పైనుంచే జారిపోతుంది. అందుకే శుభ్రంగా ఉంచాలి.

అది దొరకలేదా? 1 మెగాఓమ్‌వి పది సిరీస్‌లో పెట్టండి. ఒక్కోదాని మీద 100 వోల్టులే పడతాయి. మేడ మీంచి దూకితే కాళ్ళు విరుగుతాయి, మెట్లు దిగితే ఏమీ కాదు కదా, అలాగన్నమాట. కాకపోతే వాటిని వరసగా, పొడుగ్గా పేర్చాలి. మొదటిదీ చివరిదీ పక్కపక్కన వస్తే ఇంత చేసీ లాభం లేదు.

ఇక అసలు విషయం. ట్రాన్స్‌ఫార్మర్ ఉండే మైక్రోవేవ్ ఓవెన్‌లో దాదాపు 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. దాని మీద 2000 వోల్టులు దాటి ఛార్జ్ ఉండొచ్చు. స్విచ్ ఆపాక దాన్ని ఖాళీ చేసేది లోపలుండే 10 మెగాఓమ్‌ల బ్లీడర్ రెసిస్టరే. అది బాగుంటే 2000 వోల్టులు 10 సెకన్లలో 740 దగ్గరికి, నిమిషంలో 5 దగ్గరికి దిగుతాయి. అదే తెగిపోయి ఉంటే? ప్లగ్ తీసేసినా ఛార్జ్ అలాగే కూర్చుంటుంది. బయటికి ఏమీ కనిపించదు. ముట్టుకుంటే ప్రాణమే పోవచ్చు. మన మామూలు మల్టీమీటర్ కూడా ఆ వోల్టేజ్‌కి పనికిరాదు.

అందుకే పార్ట్స్ కోసం పాత ఓవెన్ విప్పకండి ఫ్రెండ్స్. ప్రాక్టీస్‌కి తక్కువ వోల్టేజ్ సర్క్యూట్లు బోలెడున్నాయి. ఈసారి రెసిస్టర్ కొనేముందు డేటాషీట్‌లో మాక్సిమమ్ వర్కింగ్ వోల్టేజ్ ఎంతుందో ఒక్కసారి చూడండి. మీ దగ్గరున్న దానికి ఎంతుందో కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి!