తగ్గింపు బేరములు - చిన్న వర్తకుడు

వర్తకమునందు ముదరా యనునది క్రొత్త మాట కాదు. ఆషాఢమున పెండ్లిండ్లు లేక బట్టల దుకాణములు బోసిపోయినపుడు వెల తగ్గించి యమ్ముట మన పట్టణములలో నందఱు నెఱిగినదే. సంతలో కూరగాయల నమ్మునామె తూకము ముగించి పిడికెడు కొసరు వేయుటయు నట్టిదే. ఈ రెంటియందును ఇచ్చువారే నిర్ణయించి యిచ్చుచున్నారు. ఎప్పు డీయవలెనో, ఎంత యీయవలెనో, ఎచ్చట నాపవలెనో వారికి తెలియును. నేడు చేతిలోని ఫోనునందు కనబడు తగ్గింపు బేరములలో ఈ నిర్ణయము తఱచుగా వేఱొకరి చేతికి పోవుచున్నది. ఇందువలన చిన్న వర్తకునకు మేలా, కీడా యను విషయమును విచారింతము.

ఈ పద్ధతికి పేరు తెచ్చినది అమెరికాలోని షికాగో నగరమున 2008లో మొదలైన గ్రూపాన్ అను కంపెనీ. దాని తొలి బేరము, తన కార్యాలయమున్న భవనములోనే యున్న భోజనశాలలో ఒక పిజ్జా వెలకు రెండు పిజ్జాల నిప్పించుట. పద్ధతి సులభమైనదే. వర్తకుడు తన సరకును సగము వెలకో, అంతకు తక్కువకో ఈయ నొప్పుకొనును. కంపెనీ ఆ వార్తను ఇంటర్నెట్టు ద్వారా ఊరివారికి తెలుపును. కొనువారు రొక్కమును ముందుగా కంపెనీకి చెల్లించి, చీటి పొంది, దానితో దుకాణమునకు వత్తురు. ఆ రొక్కములో సుమారు సగము కంపెనీ యుంచుకొని తక్కినది వర్తకునకు పంపుట వాడుకయైనది. పత్రికలో ప్రకటన వేసినచో రొక్కము ముందే పోవును. గిరాకి వచ్చునో రాదో తెలియదు. ఇందులోనన్ననో ముందుగా నొక్క కాసు వ్యయము లేదు. చిన్న వర్తకుని నాకర్షించినది ఇదియే.

ఇక లెక్క చూతము. 100 రూపాయల భోజనమునకు సరకులు, వంట, వడ్డన కలిసి 60 రూపాయ లగుననుకొందము. మామూలు దినమున మిగులు 40. తగ్గింపు బేరమున వెల 50 రూపాయలు. అందు కంపెనీ భాగము పోగా వర్తకునకు చేరునది 25. కావున ప్రతి విస్తరికిని నష్టము 35 రూపాయలు. ఈ నష్టము పూడవలెనన్న, చీటితో వచ్చిన ప్రతి యెనమండుగురిలో ఏడుగురు మరల నొకసారి వచ్చి నిండు వెలకు భుజింపవలెను. అప్పటికిని లాభము లేదు. నష్టము తీరుట మాత్రమే. నిత్యము వచ్చు పాత గిరాకియే చీటి కొని వచ్చినచో చిక్కు మఱింత హెచ్చు. రావలసిన 40 పోవుటయే గాక, మఱి 35 చేతినుండి పడును.

హద్దు పెట్టుకొననివారి స్థితి యేమగునో, 2011లో ఇంగ్లండునందలి రెడింగు పట్టణమున జరిగిన వృత్తాంతము తెలుపును. అచ్చట నొక చిన్న కేకుల దుకాణమువారు, 26 పౌన్లు వెలగల డజను కేకులను గ్రూపాన్ ద్వారా ఆఱున్నర పౌన్లకే యీయ నొప్పుకొనిరి. ఎందఱకీయవలెనో హద్దు నిర్ణయింపరైరి. 8,500 మంది కొనిరి. అనగా 1,02,000 కేకులు చేయవలసివచ్చెను. తాత్కాలికముగా 25 మందిని కూలికి చేర్చుకొని చేసినను, ప్రతి డజనుకును నష్టమే. అదనపు కూలికిని పంపిణీకిని 12,500 పౌన్లు వ్యయమై, ఆ సంవత్సరపు లాభమంతయు తుడిచిపెట్టుకొనిపోయెను. గిరాకి లేక చెడిన దుకాణములను మన మెఱుగుదుము. ఇచ్చట గిరాకి మితిమీఱుటయే చేటు తెచ్చినది.

అట్లని యీ బేరము లన్నియు కీడే యనుట న్యాయము కాదు. హ్యూస్టను నగరములోని రైస్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఉత్పల్ ధొలాకియా 2010లో ఇట్టి బేరములు చేసిన 150 వ్యాపారములను పరిశీలించెను. వానిలో నూటికి 66 లాభము పొందినవి, 32 పొందలేదు. నూటికి 40కి పైగా మరల నట్టి బేరము చేయమనిరి. భోజనశాలలకు ఫలితము మిగుల తక్కువగాను, సౌందర్యశాలలకు, క్షౌరశాలలకు మేలుగాను ఉండెను. కారణ మూహించుట కష్టము కాదు. ప్రతి విస్తరికిని బియ్యము, నూనె, కూరలు కావలెను. క్షౌరశాలలో పనివాడు ఊరక కూర్చున్నను జీత మీయవలసినదే. కనుక గిరాకి లేని మధ్యాహ్నవేళ నొకడు వచ్చి కూర్చున్నచో, చేరిన 25 రూపాయలలో చాల భాగము మిగులే. లాడ్జిలోని ఖాళీ గదియు నట్టిదే. రాత్రి గడచినచో నా రాత్రి యద్దె మఱి రాదు.

ఈ తగవు మన దేశమునకును వచ్చినది. 2019 ఆగస్టులో గురుగ్రామమున మొదలై, పలు నగరములలోని వందలకొలది భోజనశాలలు జొమాటో గోల్డ్ మొదలగు తగ్గింపు పథకముల నుండి తొలగినవి. ఆ పథకమున సభ్యుల రుసుము కంపెనీకి చేరుచుండెను. ఊరక పెట్టు రెండవ వంటకపు భారము భోజనశాలపై పడుచుండెను. తగ్గింపున కలవాటుపడినవారు నిండు వెల కొల్లకున్నారనుట వారి మొఱ. కొనువారికి చౌక లభించిన మాట నిజమే. కాని అరువిచ్చి, అవసర మెఱిగి నడుచుకొను చిన్న దుకాణము మూతపడినచో, ఆ చౌక యెంతకాలము నిలుచును?

కావున, పట్టణమున చిన్న హోటలో, దర్జీ దుకాణమో నడుపుకొను మీ యింటి కుఱ్ఱవాడు ఇట్టి బేరమున కొప్పుకొందునా యని మిమ్మడిగినచో, మూడు మాటలు విచారింపుడు. కంపెనీ భాగము పోగా చేతికి వచ్చునది సరకు వెలకైన చాలునా? ఎందఱకు, ఏ దినములలో, ఏ వేళలలో ఇచ్చునో కాగితముమీద వ్రాయించుకొనెనా? మొదటిసారి చౌకకై వచ్చినవారు రెండవసారి సరకు మంచితనమును చూచి వత్తురా? ఈ మూటికి నిలిచిన బేరము ఆషాఢపు ముదరా వంటిది. దానికి వెనుదీయ నక్కఱలేదు. నిలువనిచో వలదని చెప్పుడు. కొసరు వేయు చేయి, తూకము పట్టిన చేయియే కావలెను.