కంప్యూటరు తెరపై కుండ కుదురు



నేడు నేను ప్రసంగింపబూనిన వస్తువు మిగుల స్వల్పమైనది. అది కుండ క్రింద బెట్టు కుదురు. అయితే దానిని గడ్డితో చుట్టుటను గూర్చి మీకు నేను చెప్పనక్కరలేదు. కంప్యూటరు తెరమీద దానికి రూపము గల్పించి, యంత్రముచే పోత పోయించు విధమును చెప్పదలచితిని. “ఇది చదువుకొను పిల్లల పని, మాకేల?” యని మీరనవచ్చును. ఈ పనిలో సగము పిల్లలది. తక్కిన సగము మీది. మీ సగము లేనిచో పిల్లల సగము నిలువదని చూపుటయే యీ ప్రసంగోద్దేశము.

ఏ వస్తువైనను చేతికి రాకమునుపు గీతలో రూపొందవలెను. హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనది. 1939లో ప్రారంభింపబడిన దాని ఆర్ట్సు కళాశాల భవనమునకు రూపకల్పన చేసినవాడు ఎర్నెస్టు జాస్పరను బెల్జియము దేశీయుడు. అంతటి రాతికట్టడమునకును కాగితముమీది గీతయే మొదలు. ఆ గీత కాగితమును విడిచి తెరపైకి వచ్చుట తరువాతి కథ. 1963లో అమెరికాలో ఐవన్ సదర్లాండను విద్యార్థి, కాంతికలముతో తెరపై గీతలు గీసి మార్చుకొను విధానమును నిర్మించి చూపెను. దానికి స్కెచ్‌ప్యాడని పేరు. చిరకాలము ఇట్టి సాధనములు ఇంజనీర్లకే పరిమితమై యుండెను. 2011లో వెలువడిన టింకర్‌కాడను సాధనము మాత్రము తొలిసారి నేర్చువారికై యేర్పడినది. దానికి రుసుము లేదు. ఇంటర్నెట్టు గల కంప్యూటరున్న చాలును.

విశ్వవిద్యాలయపు ఆవరణను ఆనుకొనియే తార్నాక కలదు. అచ్చట మా యింట వేసవిలో మంచినీటికి మట్టికుండయే వాడుక. నున్నని బండలపై గుండ్రని అడుగుగల కుండ నిలువదు. పట్టణమున వరిగడ్డి దొరకుట కష్టము. అంగడిలోని ఇనుపకుదుళ్లు మా కుండకు మిక్కిలి పెద్దవి. ఆవరణలోనే చదువుకొను మా మనుమరాలు, “తెరమీద నేను చేసిపెట్టెదను, తాతయ్యా” యని పూనుకొని, గడియలో ఒక వలయమును గీసి చూపెను. అది చూపునకు చక్కగనే యుండెను. కాని లోపలిగోడ గానుగరోలువలె నిట్టనిలువుగా నుండెను. అట్టిదానిపై కుండ నుంచినచో, సన్నని అంచుమాత్రమే కుండను తాకును. బరువంతయు నా గీతమీదనే పడును; కొంచెము తగిలినను కుండ ఒరగును. కుదురు లోపలితట్టు కుండ పొట్టను అనుసరించి వాలవలెను. ఇది గడ్డికుదురు చుట్టిన ప్రతి యిల్లాలికిని తెలిసినదే. గడ్డి కుండబరువునకు తానే అణగి ఆ వాలును పొందును. గట్టిపదార్థము అట్లు అణగదు. కాన దానిని ముందే లెక్కించి చెప్పవలెను. ఆ బాలిక కుదురును కన్నులార చూచి యెరుగదు. ఎరుగని దానిని యంత్రమునకు ఎట్లు చెప్పగలదు?

ఇక కొలతల మాట. కుండ పొట్టచుట్టును దారము చుట్టి కొలువగా 628 మిల్లీమీటర్లు వచ్చెను. అంగుళము 25 మిల్లీమీటర్లకంటె రవంత పెద్దది. పరిధిని 7చే గుణించి 22చే భాగించిన వ్యాసము వచ్చును. అది ఇంచుమించు 200, వ్యాసార్ధము 100. కుదురు నోరు ఎంత వెడల్పుండవలెను? నోటి వ్యాసార్ధము 60 అనుకొందము. 100 వర్గమునుండి 60 వర్గమును తీసివేయగా 6400. దాని మూలము 80. వందలో ఎనుబది పోగా 20. అనగా కుండ అడుగు కుదురు నోటికి 20 మిల్లీమీటర్లు లోనికి దిగును. మన ప్రాచీన గణితమున ఈ లోతునకే శరమని పేరు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన కాలమునాటికే యిట్టి లెక్కలు తెలుగువారికి కొత్తవి కావు.

అయితే కుమ్మరి చేతికుండ బంతివలె సరిగా గుండ్రముగ నుండదు. కాన ఆ 100 వ్యాసార్ధముతోనే అట్టముక్కపై వంపు గీసి కత్తిరించి, దానిని కుండ అడుగున ఆనించి చూడవలెను. సందు కనబడినచో వ్యాసార్ధమును సవరింపవలెను. మా కుండకు సరిపోయెను.

ఇప్పుడు తెరపని చూడుడు. టింకర్‌కాడునందు స్తంభము, గోళము, ఘనము మొదలగు ఆకారములు సిద్ధముగ నుండును. అందు స్తంభమును ఎన్నుకొని, వ్యాసము 150, ఎత్తు 30 మిల్లీమీటర్లని అంకెలు వేయవలెను. పిమ్మట 200 వ్యాసముగల గోళమును తెచ్చి, దాని అడుగు నేలకు 10 మిల్లీమీటర్లు పైన నుండునట్లు లేపవలెను. రెంటి మధ్యములును ఒకే నిలువురేఖపై నుండవలెను. ఈ గోళమును ‘హోలు’, అనగా రంధ్రమని నిర్ణయించి, రెంటిని ‘గ్రూపు’ చేసినచో, గోళము మాయమై, అది ఆక్రమించిన మేర స్తంభములో పల్లమగును. పల్లపు నోరు 120 వెడల్పు. చుట్టును అంచు 15 మిగులును. కుండకు చెమట పట్టును గాన, నడుమ 60 మిల్లీమీటర్ల రంధ్రమునుగూడ వేసి, క్రింద పళ్లెము నుంచవలెను. పని యింతియే. ఒక ఆకారమును కలుపుట, వేరొకటి తొలగించుట, ఈ రెంటితోనే పెక్కు వస్తువులు ఏర్పడును.

అచ్చుయంత్రము, త్రీ-డీ ప్రింటరని వాడుక, ప్లాస్టిక్కు తీగను కరగించి పొరమీద పొరగా పేర్చును. పొర మందము మిల్లీమీటరులో అయిదవవంతైనచో, మన కుదురునకు 150 పొరలు పట్టును. గంటలతరబడి సాగు పని యది. హైదరాబాదు రాయదుర్గమున 2023లో ప్రారంభమైన టీ-వర్క్సు అను ప్రభుత్వసంస్థ నమూనావస్తువుల నిర్మాణమునకై యేర్పడినదే. ఈ పనికి తరచు వాడునది పీఎల్ఏ అను ప్లాస్టిక్కు. మొక్కజొన్న పిండివంటి పదార్థములనుండి చేయుదురు. సుమారు 60 డిగ్రీల వేడికే అది మెత్తబడును. కాన పొయ్యిచెంతను, మండుటెండలో నిలిపిన కారులోను దాని నుంచరాదు. దించిన వేడిపాత్రకు దానిని కుదురుగా వాడరాదు.

దీనివలన కుమ్మరికి నష్టము కలుగునేమోయని మీరు శంకింపవచ్చును. నీటిని చల్లబరచునది మట్టికుండయందలి సూక్ష్మరంధ్రములు. ప్లాస్టిక్కునకు ఆ గుణము లేదు. కుండ కుమ్మరిదే. గడ్డి దొరకు పల్లెలో గడ్డికుదురే మేలు. అది ఊరక వచ్చును, చివికిన ఎరువగును. కాని అంగడిలో దొరకని చిన్న వస్తువులు ప్రతియింటను కలవు: విరిగిన కవ్వపు పిడి, కీళ్లనొప్పిగల ముదుసలికి తిరుగని కుళాయిమర, పోయిన డబ్బామూత. వీనికి ఈ విద్య యెంతయో ఉపకరించును.

అందులకై మిమ్ము కోరునది యిది. మీ యింటి వస్తువుల పేర్లును, కొలతలును, ఏ అంచు ఎందులకు వాలియున్నదో ఆ కారణమును మనుమలకు చెప్పుడు; వీలైన కాగితముపై వ్రాసి యుంచుడు. ఒక పూట వారి తెరయొద్ద కూరుచుండి, వారు గీసినదానిని చూచి, “ఇచ్చట చేయి పట్టదు, ఇచ్చట నీరు నిలుచును” అని నిర్మొగమోటముగా తప్పు చూపుడు. యంత్రము వేసిన అంకెను శిరసావహించును. ఆ అంకె మంచిదో కాదో దానికి తెలియదు. అది తెలిసినవారు మీరు. మన భాషలో కుదురనగా పాత్రకు ఆధారము; నిలుకడకును అదే మాట. పిల్లల నేర్పునకు మీ యెరుక యట్టి కుదురు కాగలదు.