తార్నాక మందుబిళ్ల, మోల్ లెక్క

హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్ పక్కనే, తార్నాకలో ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ ఉంది. 1985 నుంచి పదేళ్లు డాక్టర్ ఎ.వి. రామారావు దానికి డైరెక్టర్. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని చవగ్గా తయారుచేసే పద్ధతిని ఆయన బృందం రూపొందిస్తే, సిప్లా కంపెనీ ఆ మందును 1990ల్లో మార్కెట్లోకి తెచ్చింది.

ఆ మందు బిళ్ల ఒకటి, 300 మిల్లీగ్రాములది అనుకుందాం. అందులో అణువులెన్ని? కార్బన్ 10, హైడ్రోజన్ 13, నైట్రోజన్ 5, ఆక్సిజన్ 4 పరమాణువులు కలిస్తే ఒక అణువు. అణుభారం సుమారు 267. అంటే 267 గ్రాములైతే ఒక మోల్. మన దగ్గరున్నది 0.3 గ్రామే కదా, 267తో భాగిస్తే 0.00112 మోల్. దాన్ని ఒక మోల్‌లో ఉండే అణువుల సంఖ్యతో, అదే అవగాడ్రో సంఖ్యతో, అంటే 6.022 ఇంటూ పది ఘాతం 23తో గుణించండి. 67 లక్షల కోట్ల కోట్లకు పైనే! ఒక్క బిళ్లలో!

ఇదేదో పరీక్ష కోసం పెట్టిన లెక్క కాదండీ. ఈ మందును థైమిడిన్ అనే ముడిపదార్థం నుంచి చేసేటప్పుడు ఒక అణువుకు ఒక అణువే వస్తుంది. తూకంలో చూస్తే 242 గ్రాముల థైమిడిన్‌కు మహా అయితే 267 గ్రాముల మందు. ఫ్యాక్టరీలో 200 గ్రాములే చేతికొస్తే, మిగతా 67 ఎక్కడ పోయాయో కెమిస్టు వెతకాల్సిందే.