సింహం పాట, పది షిల్లింగులు

(మన సంఘం వార్షికోత్సవంలో యువతతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, దూరం గూడేల నుంచి వచ్చిన అక్కలకు, అన్నలకు, వెనక వరసల్లో ఫోన్లు పట్టుకుని నిలబడ్డ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు జోహార్లు.

ఆ ఫోన్లు లోపల పెట్టుకోమని చెప్పడానికి మేము రాలేదు. ఇవాళ మాట్లాడేది వాటి గురించే.

పోయిన ఏడాది పాటల సేకరణకు ఒక గూడేనికి వెళ్లాం. అక్కడొక కుర్రాడు తన ఫోన్‌లో ఒక పాట వినిపించాడు. నాట్లప్పుడు పాడుకునే పాట. దాని కింద డీజే బీటు వేశారు. చాలామంది చూశారు, చాలామంది మెచ్చుకున్నారు. పక్కనే కూర్చున్న అవ్వ చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది మా అత్త కట్టిన పాట కదా! ఈ గొంతు మా వదినది" అని మురిసిపోయింది. కాసేపాగి, "వదిన పేరు రాశారా?" అని అడిగింది. కుర్రాడు కిందా మీదా వెతికాడు. ఛానల్ పేరు ఉంది. బీటు వేసినవాళ్ల పేరు ఉంది. పాట గురించి మాత్రం 'ఫోక్ సాంగ్' అని రెండే మాటలు. వదిన పేరు లేదు, ఊరి పేరు లేదు, ఏ భాషో కూడా లేదు.

అవ్వకు అప్పుడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే దక్షిణాఫ్రికాలోని ఒక పాట కథ దొరికింది. ఆ పాట మీలో చాలామంది విన్నదే. 2019లో 'ది లయన్ కింగ్' తెలుగులో కూడా వచ్చింది కదా. టిమోన్‌కు అలీ గారు, పుంబాకు బ్రహ్మానందం గారు గొంతు ఇచ్చారు. ఆ సినిమాలో ఆ రెండు జంతువులు అడవిలో పాడుకునే పాట ఒకటి ఉంది. ఇంగ్లీషులో దాని పేరు 'ది లయన్ స్లీప్స్ టునైట్'. ఆ పాట ఎవరిదో ఇప్పుడు చెప్పుకుందాం.

సోలమన్ లిండా జులూ జాతి మనిషి. 1909లో నటాల్ ప్రాంతంలోని పొమెరాయ్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టారు. చిన్నప్పుడు పశువులు కాశారు. మందల మీదికి సింహాలు వచ్చే చోటది. దూడల్ని కాపాడుకోవడం పిల్లల పని. మనలో పశువులు కాసి పెరిగిన వాళ్లకు ఆ భయం, ఆ అదిలింపు, రాత్రి పూట వేసే ఆ కేక వేరే చెప్పక్కర్లేదు.

1931లో ఆయన పని కోసం జొహానెస్‌బర్గ్ పోయారు. గనులకు, ఫ్యాక్టరీలకు పల్లెల నుంచి మగవాళ్లు వలస వచ్చే నగరం అది. వాళ్లు ఉండేది కిక్కిరిసిన హాస్టళ్లలో. శనివారం రాత్రి ఆ హాస్టళ్లలో పాటల పోటీలు జరిగేవి. వాయిద్యాలు ఉండవు, గొంతులే. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. తెల్లవార్లూ పాడేవాళ్లు. లిండా కట్టిన జట్టు పేరు 'ఒరిజినల్ ఈవెనింగ్ బర్డ్స్'. ఆరుగురు. చారల సూట్లు, టోపీలు, మెరిసే బూట్లు వేసుకుని వచ్చేవాళ్లు. కూలీలే, కానీ వేదిక ఎక్కితే దొరల్లా ఉండేవాళ్లు. బరువు గొంతు ఒక్కటే ఉండే చోట లిండా ఇద్దరు ముగ్గురిని పెట్టారు. దాంతో పాటకు కింద నేలలాంటి బలం వచ్చింది. ఆ పైన ఆయన సన్నని గొంతు తేలేది.

తర్వాత ఆయనకు గాలో అనే రికార్డు కంపెనీలో పని దొరికింది. గాయకుడిగా కాదు, రికార్డులు అట్టపెట్టెల్లో సర్దే పని. కంపెనీలో పాటలు చూసుకునే గ్రిఫిత్స్ మొట్సియెలోవా వీళ్ల పాట విని 1939లో స్టూడియోకు పిలిచారు. ఆయన కూడా నల్లజాతి మనిషే. పాట పేరు 'ఎంబూబే'. జులూలో సింహం అని అర్థం. మొదటిసారి పాడితే కుదరలేదు, రెండోసారీ కుదరలేదు. మూడోసారి పియానో, గిటారు, బాంజో వాయించేవాళ్లను తోడు పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. పాట చివరికొస్తుండగా లిండా గొంతు ఒక్కసారి పైకి లేచి, ముందు అనుకోని ఒక వరసను అల్లుకుంటూ పోయింది. కొన్ని క్షణాలే. ప్రపంచం ఇవాళ గుర్తుపట్టే రాగం ఆ కొన్ని క్షణాలదే.

పదేళ్లలో ఆ రికార్డు ఆఫ్రికాలో దాదాపు లక్ష కాపీలు అమ్ముడుపోయింది. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఆ పాట పేరే ఒక గానపద్ధతికి పేరైపోయింది. అలా గుంపుగా పాడే పాటలన్నిటినీ 'ఎంబూబే' అనడం మొదలైంది. అందులోంచే మెత్తగా అడుగులు వేస్తూ పాడే 'ఇసికతమియా' ఎదిగింది. ఆ దారిలోనే 1960లలో జోసెఫ్ షబలాలా 'లేడీస్మిత్ బ్లాక్ మంబాజో' అనే జట్టు కట్టారు. లేడీస్మిత్ అన్నది వాళ్ల ఊరి పేరు. 1986లో అమెరికా గాయకుడు పాల్ సైమన్ 'గ్రేస్‌లాండ్' ఆల్బమ్‌లో వాళ్లతో కలిసి పాడారు. 1988లో వాళ్లకు గ్రామీ వచ్చింది. వలస కూలీల హాస్టల్ పాట, సొంత భాషలో, సొంత ఊరి పేరుతో ప్రపంచ వేదిక ఎక్కింది. ఇది మంచి సగం.

రెండో సగం ఇది. లిండా ఆ పాట హక్కుల్ని కంపెనీకి ఇచ్చేశారు. ఆయన చేతికి వచ్చింది పది షిల్లింగులు. అప్పటి లెక్కలో రెండు డాలర్లు కూడా కాదు. నల్లజాతి గాయకులకు ఒకసారి ఇంత అని చేతిలో పెట్టి పంపడం అక్కడ మామూలు. రికార్డు ఎన్ని అమ్ముడైనా మళ్లీ పైసా రాదు.

1940ల చివర్లో అలన్ లోమాక్స్ అనే జానపద సేకర్త చేతి మీదుగా ఆ రికార్డు అమెరికాలో పీట్ సీగర్‌కు చేరింది. ఆయనకు జులూ రాదు. పల్లవిలోని మాట ఆయన చెవికి 'విమోవె' అని వినబడింది. అదే పేరుతో సీగర్ జట్టు 'వీవర్స్' దాన్ని పాడింది. 1952లో అది అమెరికాలో పెద్ద హిట్. రచయిత స్థానంలో వేసింది 'పాల్ కాంప్‌బెల్'. అలాంటి మనిషే లేడు, అది ఆ జట్టు వాడుకున్న మారుపేరు. సీగర్ చెడ్డవాడు కాదు. పాట లిండాదని తెలిశాక ఆయనకు 1,000 డాలర్లు పంపారు, పాట డబ్బు ఆయనకే పంపమని ప్రచురణకర్తలకు చెప్పారు. కానీ అది నోటిమాట. నోటిమాటకు కాగితం తోడు లేకపోతే ఏమవుతుందో అదే అయింది.

1961లో జార్జ్ వైస్ అనే రచయిత ఆ రాగానికి ఇంగ్లీషు మాటలు రాశారు. 'టోకెన్స్' అనే కుర్రాళ్ల జట్టు పాడింది. అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. 1982లో 'టైట్ ఫిట్' జట్టు పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. 1994లో 'ది లయన్ కింగ్' సినిమాలోకి వచ్చింది. పాడనివాళ్లు లేరు, వాడని దేశం లేదు.

లిండా 1962లో కిడ్నీ జబ్బుతో పోయారు. చివరి దాకా ఆ కంపెనీ రికార్డుల గోదాములోనే పని. ఊడ్చేవారు, టీ అందించేవారు. ఆయన పోయే నాటికి బ్యాంకు ఖాతాలో 25 డాలర్లు కూడా లేవు. సమాధికి రాయి పెట్టించడానికి ఇంటివాళ్లకు 18 ఏళ్లు పట్టింది. తర్వాతి కాలంలో భార్య చేత, కూతుళ్ల చేత కూడా హక్కులు వదులుకునే కాగితాల మీద సంతకాలు చేయించారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడితో కథ అయిపోతే మేము చెప్పేవాళ్లం కాదు. 2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా రచయిత ఈ పాట ప్రయాణమంతా తవ్వి 'రోలింగ్ స్టోన్' పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. ఆ పాట అప్పటికి కోటిన్నర డాలర్లు సంపాదించి ఉంటుందని అందులో అంచనా వేశారు. దాంతో న్యాయవాదులు కదిలారు. ఓవెన్ డీన్ అనే లాయరు ఒక పాత చట్టాన్ని బయటికి తీశారు. 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం అది. రచయిత బతికుండగా హక్కులు అమ్మేసినా, ఆయన పోయిన 25 ఏళ్లకు అవి వారసులకు తిరిగి వస్తాయని అందులో ఉంది. 1962కు 25 కలిపితే 1987. అంటే సినిమా వచ్చేనాటికి ఆ చట్టం నడిచే దేశాల్లో పాట కుటుంబానిదే. దాని మీద 2004లో డిస్నీపై 16 లక్షల డాలర్లకు దావా వేశారు. 2006లో రాజీ కుదిరింది. పాత వాడకానికి కొంత డబ్బు, ముందు వాడకానికి వాటా, అన్నిటికంటే ముందు పాట కట్టినవాళ్లలో సోలమన్ లిండా పేరు. అప్పటికి ఆయన పోయి 43 ఏళ్లు దాటింది. ఒక కూతురు మందులు కొనలేక ఎయిడ్స్‌తో 2001లోనే పోయింది.

ఇప్పుడు మన గూడేనికి వద్దాం. మన పెద్దల్లో కొందరు "అందుకే రికార్డు చేయనివ్వొద్దు" అంటారు. వాళ్ల భయం మాకు అర్థమవుతుంది. కానీ లిండా స్టూడియోకు వెళ్లకపోతే ఎంబూబే ఆ హాస్టల్‌తోనే ఆగిపోయేది. షబలాలా వరకు వచ్చేది కాదేమో. కోయ డోలుతో సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి, గుస్సాడీ నేర్పిన కనకరాజు గారికి పద్మశ్రీలు వచ్చాయంటే, వాళ్ల పేరు, జాతి పేరు కళతో పాటే లోకానికి తెలిశాయి కాబట్టే. పాట బయటికి పోవడం తప్పు కాదు. పేరు ఊడిపోయి పోవడమే నష్టం.

మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో దాన్ని సవరించారు. అందులో మీకు పనికొచ్చే సంగతులు మూడు చెప్తాం.

ఒకటి. కొత్త పాట రాసినా, బాణీ కట్టినా ఆ హక్కు మీది. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే రాతలో, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్టు. ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు. అందుకే కొందరు 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అని ముందే రాసుకొస్తారు. ఆ రెండు మాటలు కనబడితే పెన్ను కింద పెట్టి, చదువుకున్న వాళ్లకు చూపించండి.

రెండు. హక్కులు ఇచ్చేసినా రాయల్టీలో రచయితకు, బాణీ కట్టినవాళ్లకు సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకున్నట్టు కంపెనీ రాయించుకున్నా ఆ రాత చెల్లదు.

మూడు. ఇది అవ్వ ప్రశ్నకు జవాబు. తాతల నాటి పాటకు ఫలానా వాళ్లే రచయిత అని చూపించలేం. ఒకరు ఎత్తుకుంటారు, ఇంకొకరు చరణం కలుపుతారు. గూడెం మొత్తాన్ని రచయితగా చూసే కన్ను ఈ చట్టానికి లేదు. అది నిజమైన లోటు, దాని కోసం మనం అడుగుతూనే ఉండాలి. కానీ పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు, ఆడినవాళ్లకు చట్టంలో వేరే హక్కు ఉంది. అది 50 ఏళ్లు ఉంటుంది. వాళ్ల అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు. పాడింది నేనే, నా పేరు వేయండి అని అడిగే హక్కు కూడా అందులో ఉంది. పాట పాతదే కావచ్చు, అవ్వ వదిన గొంతు మాత్రం వదినదే.

కాబట్టి ఈ సాయంత్రం ఆటపాటలు మొదలయ్యాక మీరు ఫోన్లు తీసేముందు ఒక పని చేయండి. పాడబోయేవాళ్లను అడగండి. కొన్ని పాటలు దేవర ముందే పాడాలి, కొన్ని చావు దగ్గరే పాడాలి. అవి వద్దంటే ఆపేయండి. సరే అంటే రికార్డు నొక్కి, ముందుగా వాళ్ల నోటితోనే చెప్పించండి: పేరు, ఊరు, భాష, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. తేదీ మీరు చెప్పండి. వీడియో కింద రాసింది ఎవరైనా తీసేయొచ్చు. గొంతులో చెప్పింది మీ దగ్గరున్న అసలు రికార్డులో ఉంటుంది. దాన్ని చెరపకండి. ఒక కాపీ సంఘానికి పంపండి. మీరే బీటు వేసి పెడుతుంటే మీ పేరు కంటే ముందు వాళ్ల పేరు వేయండి. డబ్బు వస్తే వాళ్ల ఇంటికి వెళ్లి ఇవ్వండి.

ఆ నాట్ల పాట ఏమైందని మీరు అడగొచ్చు. ఆ ఛానల్‌కు మేము రాశాం. ఇప్పటిదాకా జవాబు లేదు, మళ్లీ రాస్తాం. ఈలోగా వదిన గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. ముందు సిగ్గుపడ్డారు, తర్వాత గొంతెత్తారు. వీడియోలో ఉన్నవి రెండు చరణాలే. ఆమెకు పదకొండు వచ్చు. తల్లి దగ్గర నేర్చుకున్నారట. పేరు, ఊరు చెప్పించి మొత్తం రికార్డు చేసుకొచ్చాం. ఇంకాసేపట్లో ఇక్కడే వినిపిస్తాం. అవ్వ కూడా వచ్చింది, ముందు వరసలో కూర్చుంది.