నడివేసవిలో పెండ్లిపందిరి

వైశాఖము ప్రవేశించినదనిన మా తల్లాడ కూడలిలో నిలుచుటకు చోటుండదు. ఖమ్మమునుండి వైరా మీదుగా వచ్చు బాట, కల్లూరు దాటి సత్తుపల్లికి పోవు బాట, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెమునకు పోవు బాట, ఈ మూడును ఇచ్చటనే కలియును. మూడింటిమీదను పెండ్లివారే. బస్సులలో పట్టుచీరలు, ట్రాక్టర్లలో వంటపాత్రలు, వేపచెట్టు నీడను డోళ్లు దింపుకొని చెమట తుడుచుకొను మేళగాండ్రు. ఇంత ఎండలో వీరికీ పెండ్లిండ్లేమని పరాయివాడు విస్తుపోవును. మేమును అట్టి పెండ్లిండ్లు రెండు చేసితిమి. మొదటిది తెలియక చేసినది, రెండవది తెలిసికొని చేసినది. ఆ రెంటి నడుమ నేర్చుకొన్న నాలుగు మాటలు శ్రోతలకు విన్నవించుటకే ఈ ప్రసంగము.

వేసవి వలదు, మాఘమున చేసికొనుడని చెప్పుట సులభము. మిరపకాయ ఖమ్మము మార్కెట్టుకు చేరి, పత్తి అమ్ముడుపోయి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడుట ఈ మాసములందే. పిల్లలకు బడి సెలవులు. ఎక్కడెక్కడనో ఉన్న బంధువులు రాగలుగుట ఇప్పుడే. ఆషాఢము వచ్చినచో ముహూర్తములుండవు. తొలకరి పడినచో ఎవరికిని తీరిక ఉండదు. ఇంతకు మించి, మాకు భద్రాచలము దగ్గర. చైత్రశుద్ధ నవమినాడు అచ్చట రాములవారి కల్యాణము జరిగిన పిమ్మటనే మా ప్రాంతపు పల్లెలలో పెండ్లిమాటలు జోరందుకొనును. ఆ స్వామికి తలంబ్రాలుగా ముత్యములు పంపుట తానీషా కాలమునుండి వచ్చుచున్నదని చెప్పుదురు. నేటికిని ప్రభుత్వమువారు ఆ ఆచారమును నడపుచున్నారు. ఆ కల్యాణము అభిజిల్లగ్నమున, అనగా మిట్టమధ్యాహ్నమున, మిథిలా స్టేడియములో, వేలకొలది జనము నడుమ జరుగును. దేవుడే నడిఎండలో పెండ్లియాడుచుండగా మానవులకేమి అను ధైర్యము మా వారిలో అనాదిగా కలదు. ఆ ధైర్యముతోనే 2015 మే నెలలో మా పెద్దమ్మాయి వివాహమును మధ్యాహ్నము పన్నెండు దాటిన ముహూర్తమునకు నిశ్చయించితిమి.

ఆ ఏటి మే నెల శ్రోతలలో పెక్కుమందికి జ్ఞాపకముండును. రెండు తెలుగు రాష్ట్రములలో వేయిమందికి మించి వడదెబ్బకు అసువులు బాసిరి. మేము అద్దెకు తెచ్చి వేయించినది ఇనుపరేకుల పందిరి. చూపునకు బాగుండునని రేకుల క్రింద రంగుగుడ్డ కట్టించితిమి. గాలి బయటికి పోవు దారి లేక, గుడ్డకును రేకునకును నడుమ వేడి కుమ్మరావమువలె నిలిచిపోయినది. అయినను తాళి కట్టుట, తలంబ్రాలు, భోజనములు అన్నియు జరిగిపోయినవి. మూడు గంటలవేళ వంటశాలలో అన్నపు గుండిగలు మోయుచున్న పదునేడేండ్ల కుర్రవాడొకడు తూలుచు, పొంతన లేని మాటలాడసాగెను. పెండ్లి గదా, త్రాగియుండునని అందరును అనుకొనిరి. మేమును అట్లే అనుకొంటిమి. ప్రక్కకు పండుకోబెట్టుడని మా నోటితోనే చెప్పితిమి. అంట్లు తోము ముసలమ్మ ఒకతె వాని నుదుట చేయి వేసి చూచి, "అయ్యా, పిల్లగాడు కాలిపోతున్నడు, ఒంటిమీద చెమట బొట్టు లేదు" అని కేక పెట్టి, బిందెడు నీళ్లు వానిమీద కుమ్మరించినది. ఖమ్మము ఆసుపత్రిలో రెండు దినములకు గాని వాడు తల్లిని గుర్తుపట్టలేదు. బ్రతికినాడు. ఆ రెండు దినములు ఆ తల్లియెదుట కూర్చుండి మేమేమి మాటలాడితిమో ఇప్పుడు చెప్పలేము.

ఆ ముసలమ్మ ఎరిగినది మేమెరుగము. చెమట పట్టుచున్నంతసేపు దేహము తన్ను తాను చల్లార్చుకొనుచున్నదని అర్థము. వడదెబ్బలో పెక్కుసార్లు చెమట ఆగిపోవును, దేహపు వేడి 104 డిగ్రీల ఫారన్‌హీటు దాటును, మాట తడబడును, మతి చలించును. అయితే ఎండలో బరువుపని చేయుచు కూలినవానికి చెమట పట్టియే ఉండవచ్చును. కావున చెమట ఉన్నదా లేదా అనుదానికంటె, కాలుచున్న ఒడలు, తప్పిన మతి, ఈ రెంటిని చూచుట ముఖ్యము. అట్టివానిని నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలెల్ల నీరు పోసి విసరుచుండవలెను. 108కు ఫోను చేయవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు, పొర బోవును. వాహనము వచ్చువరకు చల్లార్చుట మానరాదు.

ఎనిమిదేండ్లకు, 2023 మే నెలలో, చిన్నమ్మాయి పెండ్లి వచ్చినది. వైశాఖ బహుళము. వియ్యంకులవారు మధ్యాహ్న ముహూర్తమే కావలెననిరి. వారిది పట్టుదల కాదు, వారి ఇంటి ఆచారము. మా ఖమ్మము సీమలో ఈ చిక్కు తరచుగా వచ్చును. భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. సత్తుపల్లి దాటినచో కోస్తా జిల్లాలే. ఒకరి ఇంట రాత్రి పెండ్లి, ఒకరి ఇంట పగటి పెండ్లి. ఇరువైపులవారును వియ్యమందుచునే ఉందురు. మేము ఒక యుక్తి పన్నితిమి. "బావగారూ, భద్రాద్రిలో పగలు పెండ్లియాడిన రాములవారే కడప జిల్లా ఒంటిమిట్టలో పున్నమినాటి రాత్రి వెన్నెలలో పెండ్లియాడుచున్నారు గదా, రాత్రి ముహూర్తమునకేమి లోపము?" అంటిమి. ఆయన తక్కువవారు కారు. "ఒంటిమిట్టలో 2018లో కల్యాణమునాటి సాయంకాలము ఈదురుగాలి, వడగండ్లు వచ్చి పందిళ్లు కూలి మనుష్యులు పోయిరి, మరచితిరా బావగారూ? పైగా మనది బహుళపక్షము, వెన్నెల ఎక్కడిది?" అనిరి. మాకు మాట రాలేదు. ఆయన చెప్పినది సత్యమే. మండు వేసవిలో పగలెల్ల కాగిన భూమిమీద సాయంకాలము మబ్బు కమ్మి గాలివాన విరుచుకొనిపడుట మన ప్రాంతమున మామూలు. ఎండను తప్పించుకొన్నవాడు గాలికి చిక్కవచ్చును.

తుదకు మా పురోహితులవారు తెల్లవారుజామున మేషలగ్నమున, నాలుగు గంటల యేబది నిమిషములకు ముహూర్తము పెట్టి ఇరువురను ఒప్పించిరి. ఇరువది నాలుగు గంటలలోను చల్లని వేళ అదియే. గాలివానయు ఆ వేళ అరుదు. ముందునాటి సాయంకాలము ఎదురుకోలు, తెల్లవారకముందే జీలకర్ర బెల్లము, తొమ్మిదింటికి విందు మొదలు. నిద్ర చెడునని కొందరు బంధువులు సణిగిరి. సణగనిండు.

పందిరి సంగతి కొంత విపులముగా చెప్పవలెను. ఇనుపరేకు తాను కాలుటయే గాక, ఆ వేడిని క్రింద కూర్చున్నవారి తలలపై కురిపించును. తాటాకు అట్లు కాదు. రెండు వరుసలుగా కప్పినచో పై వరుస ఎండను భరించును, క్రింది వరుస చల్లగా ఉండును, సందులగుండ గాలి ఆడును. వెదురువాసములు ఏజెన్సీవైపునుండి తెప్పించి, పండ్రెండడుగుల ఎత్తున కప్పించి, నడికొప్పున వేడిగాలి వెడలుటకు మూరెడు సందు విడిపించితిమి. ఇంకొక మాట. మా తల్లాడ ఉన్న అక్షాంశమున మే రెండవ వారములో సూర్యుడు మధ్యాహ్నమున సరిగా నడినెత్తికి వచ్చును. నిలువుకఱ్ఱకు నీడయే ఉండదు. కనుక ఆ వేళ ప్రక్కతెరలు ఎన్ని కట్టినను పైకప్పు పలుచనైనచో ప్రయోజనము లేదు. మూడు గంటలనుండి మాత్రము పడమటి ఎండ ఏటవాలుగా లోనికి చొచ్చును. అందుచే పడమటి ప్రక్క వట్టివేళ్ల తడికెలు కట్టి, గంటకొకసారి నీరు చల్లించితిమి. మన పొడివేడిలో తడిసిన తడికెగుండ వచ్చు గాలి ఎంత చల్లనో అనుభవించినవారికే తెలియును. కూలర్లను జనము నడుమ పెట్టుట తప్పు. గాలి వెడలు దారి లేనిచో అవి ఉక్కను పెంచును గాని చల్లదనమీయవు. వానిని పందిరి అంచున, వెలుపలి గాలిని లోనికి తోలునట్లు ఉంచవలెను.

తాటాకులో గుణమెంతయో ప్రమాదమును అంతే. 2023 శ్రీరామనవమినాడే పశ్చిమగోదావరి జిల్లా తణుకు మండలము దువ్వలో దేవాలయమున వేసిన చలువపందిరి అంటుకొని భగ్గుమన్నది. ఆ వార్త విని మా ఇంటివారు ఆకుపందిరి వద్దనిరి. మేము వద్దనలేదు గాని, పందిరి దరిదాపుల బాణసంచా కాల్చరాదని ఖండితముగా చెప్పితిమి. పొయ్యిలు ఏబది అడుగులకు దూరముగా, గాలివాలుకు దిగువను పెట్టించితిమి. దీపముల తీగలను తెలిసిన పనివానిచేత వేయించి, ఇసుక బకెట్లు, నీటి పీపాలు నాలుగు మూలల ఉంచి, మూడు ప్రక్కల దారులు విడిచితిమి. రాటలు రెండడుగుల లోతున పాతించి మోకులతో లాగి కట్టించితిమి. పందిరి పనివారు నవ్విరి, ఇది సర్కసు డేరానా అని.

వంటకు ఎవరిని పిలిచితిమో చెప్పలేదు. ఆనాటి కుర్రవానినే. వాడిప్పుడు స్వంతముగా వంటలు ఒప్పుకొనుచున్నాడు. బయానా ఇయ్యబోగా వాడు డబ్బు సంగతి తరువాత మాటలాడుదమని, ముందు తన షరతులు చెప్పెను. పొయ్యిలమీద వేరుగా ఆకుకప్పు ఉండవలెను. ఎవ్వరును గంటకు మించి పొయ్యియెదుట నిలువరాదు, మార్పు మనుష్యులు కావలెను. పదునొకండు దాటినచో పొయ్యి వెలిగించుట లేదు. మేము అన్నిటికిని తలయూపితిమి. కొబ్బరిపచ్చడి, సాంబారు, కోవా మిఠాయిలు ఈ ఎండకు మధ్యాహ్నమునకే పులియునని వాడే వానిని తీసివేసి, పులిహోర, పప్పు, మామిడికాయ పచ్చడి, పెరుగు నిలిపెను. మిఠాయికి బెల్లపు అరిసెలు.

దాహము మాట. ఆరువందలమంది అతిథులు, మనిషికి త్రాగుటకే మూడు లీటర్ల చొప్పున పదునెనిమిదివందల లీటర్ల లెక్క కట్టితిమి. ఇరువది లీటర్ల డబ్బాలు కొన్ని తెచ్చినను, అసలు ఆధారము రంజనులే. క్రొత్త రంజనులు పదునాలుగు తెచ్చి తడి ఇసుకలో నిలిపితిమి. త్రాగునీటిలో మంచుగడ్డలు వేయనీయలేదు. ఆ గడ్డ ఏ నీటితో గట్టకట్టినదో ఎవరెరుగుదురు? శ్రీరామనవమి పానకము, వడపప్పు మన పెద్దలు ఊరక పెట్టలేదు. బెల్లము, మిరియము, ఏలకులు కలిసిన నీరు, నానిన పెసరపప్పు, వేసవికి తగిన పథ్యమే. అయితే పానకములో ఉప్పు లేదు. చెమటతో పోవునది ఉప్పు. కనుక పానకము ప్రక్కనే ఉప్పు, అల్లము, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ. మధుమేహము గలవారికి ఆ మజ్జిగయే. మిక్కిలి నీరసించినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, చెంచా అంచుకు సమముగా కొలిచి కలిపి సిద్ధముగా ఉంచితిమి. తొలి మజ్జిగ వియ్యాలవారికి గాక మేళగాండ్రకు ఇప్పించితిమి. ఎండలో నడచుచు ఊదువారు వారే గదా.

పెండ్లికూతురి ఉపవాసము ఇంకొక చిక్కు. పట్టుచీర, నగలు, ఎదుట హోమాగ్ని, కడుపున ఏమియు లేదు. పురోహితులవారిని అడిగితిమి. పాలు, కొబ్బరినీరు, పండ్లు తీసికొనవచ్చును, దోషము లేదనిరి. అడిగిననే గదా చెప్పుదురు! మధుపర్కములుగా పలుచని నూలుబట్టలు తెచ్చితిమి.

రేడియోలో వాతావరణము వినువారికి ఒక మాట. 43 డిగ్రీలనిన అది నీడలో, గాలి ఆడు తెల్లని పెట్టెలో ఉంచిన ఉష్ణమాపకము చూపు లెక్క. ఎండలో నిలిచిన మనిషికి తగులు వేడి అంతకు మించియుండును. మైదాన ప్రాంతములలో 45 డిగ్రీలు చేరినచో వాతావరణశాఖవారు దానిని వడగాలులుగా పరిగణింతురు. ముహూర్తము నెలల ముందే పెట్టుదుము, హెచ్చరిక నాలుగైదు దినముల ముందు వచ్చును. కావున ఏర్పాట్లు మిక్కిలి ఎండకు తగినట్లు ముందే చేసికొనక తప్పదు.

ఆనాడు పదునొకటిన్నరకు చివరి పంక్తి లేచినది. పొయ్యిలు ఆరినవి. పెద్దలు తడికెల చాటున నిద్రించిరి. అయిదు గంటలకు అప్పగింతలు జరుగుచుండగా పడమట మబ్బు లేచి గాలి కొట్టినది. వియ్యంకులవారు మా వైపు చూచిరి, మేము రాటల వైపు చూచితిమి. ఒక మూల ఆకు లేచి ఎగిరిపోయినది, రాటలు కదలలేదు. నాలుగు చినుకుల నడుమనే పిల్ల కారెక్కినది.

పందిరి విప్పినప్పుడు చూడగా రంజనులు రెండు పగిలినవి. మిగిలిన పండ్రెండును మా వీధిమలుపున వేపచెట్టు క్రింద ఇసుకలో ఉన్నవి. చైత్రము రాగానే వానిని నింపుచున్నాము.