తెల్లవారుజామున లారీ ఇంజను లేవకపోతే



ఈ పూట ఎరువుల సంగతీ కాదు, పురుగుమందుల సంగతీ కాదు, లారీ సంగతి చెప్పదలచినాను. లారీకీ సేద్యానికీ ఏమి సంబంధమని మీరు అడగరనే నా నమ్మకం. మదనపల్లె మండీకి కాయ తోలుకొనే రైతుకు ఆ సంబంధం ఎవరూ చెప్పనక్కరలేదు.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో మేలురకం టమోటా కిలో 150 రూపాయలు దాటిపోయింది. అదే కాయను, కోతకూలి కూడా గిట్టక, రోడ్డు పక్కన పారబోసిన ఏళ్ళూ మనకు తెలుసు. ధర ఇంత ఎగుడుదిగుడుగా ఉండే పంటకు ఒక్క పూట ఆలస్యమైతే ఎంత నష్టమో లెక్క వేసుకోండి. రాత్రి లోడు ఎక్కించి, టార్పాలిను బిగించి, తెల్లవారి నాలుగు గంటలకు బండి కదలవలెనని చూస్తే, సెల్ఫు మూలుగుతుంది గాని ఇంజను అందుకోదు. మెకానిక్కు లేచి వచ్చేసరికి ఎండ ఎక్కుతుంది, అడుగువరస బాక్సులలో కాయ మెత్తబడుతుంది, అవతల ఊరిలో బేరగాడు మరొకరి సరుకు కొనుక్కుంటాడు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఒకే దారిమీద ఉన్నవి. అనంతపురం వైపునుంచి వచ్చే 42వ నెంబరు జాతీయ రహదారి ఈ ఊళ్ళ మీదుగా కృష్ణగిరికి పోతుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. తక్కిన రెండూ మెరక సీమలే. అందుచేత మార్గశిర, పుష్య మాసాలలో ఇక్కడి చలి తిరుపతిలో కంటె, నెల్లూరులో కంటె గట్టిగా ఉంటుంది. పగలంతా చక్కగా నడిచిన బండి తెల్లవారి మొరాయిస్తే, “చలికి డీజిలు గడ్డకట్టింది” అని కొందరు ట్యాంకు కింద మంట పెడతారు. ఈ పని ఎన్నడూ చేయవద్దు. డీజిలు మైనంలా పేరుకొనేది లడఖ్ వంటి చోట్ల. అక్కడి కోసం 2019లో ఇండియన్ ఆయిల్ వారు మైనస్ 33 డిగ్రీల వరకు పేరుకోని డీజిలును ప్రత్యేకంగా తెచ్చినారు. మన పుంగనూరు చలికి అటువంటి డీజిలూ అక్కరలేదు, మంటా అక్కరలేదు. ఇంజనులో ముందే ఉన్న ఒక చిన్న లోపాన్ని చలి బయటపెట్టింది, అంతే. ఆ లోపమేదో కనిపెట్టడమే మన పని.

దానికి ముందు డీజిలు ఇంజను ఎలా మండుతుందో రెండు మాటలు. సైకిలు పంపుతో ట్యూబులో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీరు చూసే ఉంటారు. గాలిని గట్టిగా నొక్కితే వేడి పుడుతుంది. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు నడిపి చూపిన యంత్రానికి ఇదే ఆధారము. పెట్రోలు బండిలో లాగా దీనికి స్పార్కు ప్లగ్గు లేదు. పిస్టను పైకి వచ్చి గాలిని పదహారో వంతుకో, పద్దెనిమిదో వంతుకో నొక్కుతుంది. ఆ గాలి నాలుగైదు వందల డిగ్రీల వేడికి చేరుతుంది. అప్పుడు నాజిలు డీజిలును మంచుతుంపరలా చిమ్మితే అది తనంతట తానే అంటుకొంటుంది. కాబట్టి ఇంజను తగినంత వేగంగా తిరగాలి, గాలి కలవని డీజిలు నాజిలుదాకా రావాలి, నొక్కిన గాలి బయటికి జారిపోకుండా ఉండాలి. స్టార్టు కాని బండిలో వీటిలో ఏదో ఒకటి తప్పినట్టే.

మన ఊళ్ళలో బండి మొరాయించగానే డీజిలు పంపుమీద నింద వేయడం అలవాటైపోయింది. పంపు విప్పి టవునుకు పంపుతారు. మూడు రోజులు, చేతినిండా డబ్బు పోతుంది. తీరా చూస్తే లోపం పావలా వాషరులో ఉంటుంది. పంపు మీద చేయి వేయడం ఆఖరు మాట కావలెను గాని మొదటి మాట కారాదు.

మొదట చెవి ఒగ్గి వినండి. సెల్ఫు వేసినప్పుడు ఇంజను చురుకుగా తిరుగుతున్నదా, ముసలి ఎద్దులా ఈడుస్తున్నదా? ఈడిస్తే డీజిలు సంగతి అప్పుడే ఎత్తవద్దు. నిమిషానికి కనీసం నూరు, నూటయాభై చుట్లయినా తిరగకపోతే, నొక్కిన గాలి వేడెక్కకముందే ఆ వేడి చల్లని ఇనుములోకి ఇంకిపోతుంది. లారీకి మామూలుగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు చేస్తారు. రెండింటిలో ఒకటి చచ్చినా రెండవదాన్నీ అది ఈడ్చుకుపోతుంది. విడివిడిగా మీటరు పెట్టి చూడండి. సెల్ఫు తిరిగేటప్పుడు ఏ బ్యాటరీ పదికి బాగా దిగువకు పడిపోతే అదే దొంగ. మీటరు లేదా? పది సెకన్లు సెల్ఫు వేసి ఆపి, టెర్మినళ్ళను చేతితో తాకండి. వేడిగా ఉన్న టెర్మినలు వదులైనదో, పువ్వు పట్టినదో అయి ఉంటుంది. విప్పి, వేడినీళ్ళతో కడిగి, గీకి, బిగించి, పైన వేసలిను పూయండి. ఛాసిస్‌కు పోయే ఎర్తు వైరును చాలామంది మరచిపోతారు, దాని బోల్టు కింద తుప్పు ఉన్నదేమో చూడండి. సెల్ఫు వేసేటప్పుడు క్లచ్చి తొక్కి పట్టండి. గేరుబాక్సులో చలికి చిక్కబడిన ఆయిలును తిప్పే బరువు ఇంజనుకు తగ్గుతుంది. ఒక్కమారుకు పది, పదిహేను సెకన్లకు మించి సెల్ఫు వేయవద్దు. నడుమ ఒక నిమిషం ఆగండి. ఆగకుండా తిప్పితే బ్యాటరీతోపాటు సెల్ఫు మోటారు కూడా కాలిపోతుంది.

ఇంజను చురుకుగా తిరుగుతూ కూడా అందుకోకపోతే, ఒక మనిషిని సైలెన్సరు గొట్టం దగ్గర నిలబెట్టండి. పొగే సగం సంగతి చెబుతుంది. బొత్తిగా పొగ లేదంటే సిలిండరులోకి డీజిలు పోవడం లేదన్న మాట. తెల్లని పొగ, కళ్ళు మండే వాసన వస్తూ ఉంటే డీజిలు పోతున్నది గాని అంటుకోవడం లేదు. వేడి చాలలేదో, కంప్రెషను జారిపోతున్నదో, డీజిలులో నీళ్ళు కలిసినవో అనుకోవలెను. నల్లపొగ అయితే గాలి చాలక డీజిలు ఎక్కువైందని అర్థము. మన ఎర్రమట్టి దారులలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు ఎన్నాళ్ళకొకసారి దులుపుతున్నారో మిమ్మల్ని మీరే అడగండి.

పొగ లేని బండికి మొట్టమొదట చూడవలసింది ట్యాంకులో డీజిలు. నవ్వకండి, గేజీ ముల్లు అబద్ధమాడిన బళ్ళు ఎన్నో ఉన్నవి. ఆ వెనుక స్టాపు కేబులు. రాత్రి ఇంజను ఆపడానికి లాగిన కేబులు పూర్తిగా వెనక్కు పోకపోతే, పంపు డీజిలును వదలదు. పంపు దగ్గర ఆ మీట కదిలి చూడండి. ఇవి రెండూ బాగుంటే ఇక గాలి సంగతి.

గాలి చేరడం అనే ఈ లోపమే మన లారీలలో చాలా ఎక్కువ. అందుకే దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. ట్యాంకునుంచి ఫీడు పంపుదాకా డీజిలును పంపు పీల్చుకొంటుంది. ఆ దారిలో ఒక చిన్న చిల్లు, ఒక అరిగిన రాగి వాషరు, వదులైన ఒక క్లిప్పు ఉన్నదనుకోండి. అక్కడ డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. బయట తడి కనబడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పగలు బండి నడిచేటప్పుడు ఆ కాస్త గాలినీ పంపు నెట్టేస్తుంది. రాత్రి బండి నిలిచినాక గొట్టంలోని డీజిలు మెల్లగా ట్యాంకులోకి జారిపోయి, దాని చోట గాలి నిండుతుంది. తెల్లవారి సెల్ఫు వేస్తే పంపు గాలిని మింగుతూ కూచుంటుంది.

దీన్ని పట్టుకొనే ఉపాయం తేలిక. పొద్దున సెల్ఫు ముట్టుకోకముందే ఫీడు పంపుమీది హ్యాండు ప్రైమరును ముప్పై, నలభై మార్లు నొక్కండి. మొదట తేలిగ్గా పోయి, తరువాత చేతికి బిగువు తగిలితే గొట్టం ఖాళీ అయి ఉన్నదన్న మాట. ఆ వెంటనే సెల్ఫు వేస్తే ఇంజను ఠక్కున అందుకొన్నదా, మీ జబ్బు తేలినట్టే. పంపుకూ నాజిళ్ళకూ ఏ లోపమూ లేదు. మరునాడు రాత్రి బండిని ముందువైపు పల్లానికి పెట్టి చూడండి, ట్యాంకు వెనుకనే ఉంటుంది గనుక ఇబ్బంది తగ్గుతుంది. ఇంకా సందేహముంటే పీల్చే గొట్టంలో ఒక జానెడు తెల్లని ప్లాస్టిక్కు ట్యూబు అమర్చండి. బుడగలు కంటికే కనబడతవి. ఆ వెనుక ఒక్కొక్క జాయింటునూ విప్పి, కొత్త రాగి వాషరు వేసి బిగించుకొంటూ రావలెను. పాత వాషరునే తిరగేసి వేయడం పొదుపు కాదు.

గాలి తీయడం కూడా వరస తప్పకుండా చేయవలెను. ముందు ఫిల్టరుమీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిలు ధారగా వచ్చేదాకా ప్రైమరు కొట్టి, ధార పోతూండగానే స్క్రూ బిగించవలెను. తరువాత డీజిలు పంపుమీది స్క్రూ దగ్గర అలాగే. ఫిల్టరు అడుగున నీళ్ళు దిగే మర ఉంటే అదీ తిప్పి ఒక గ్లాసులోకి పట్టి చూడండి. నీరు అడుగున వేరుగా తేలుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి ఆవిరి నీరవుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపి నిలిపే డ్రైవరు తెలివైనవాడు.

ప్రైమరు కొట్టినా తెల్లపొగే వస్తూ, ఇంజను వేడెక్కినాక మాత్రం బాగా స్టార్టవుతూ ఉంటే కంప్రెషనును అనుమానించండి. రింగులు, లైనర్లు అరిగినవి, లేదా వాల్వులు సరిగా కూర్చోవడం లేదు. ఆయిలు నింపే మూత తీస్తే బుసబుస పొగ రావడం, ఆయిలు తరుగుతూ ఉండడం దీనికి సాక్ష్యము. దీనికి ఇంజను పని చేయించక తప్పదు. హీటరు ఉన్న బళ్ళలో హీటరు పనిచేయకపోయినా ఇదే వాలకం కనబడుతుంది కాబట్టి ముందు దాని ఫ్యూజు చూడండి.

ఇందుకు తలకిందులుగా, చల్లగా ఉన్నప్పుడు లేచి, మిట్టమధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి లేవని బండి ఉంటుంది. వేడికి డీజిలు పలచబడుతుంది. పంపులో లోపలి భాగాలు అరిగి ఉంటే ఆ పలచని డీజిలు సందులోనుంచి జారిపోతుంది. తడిపి పిండిన గోనెపట్టాను పంపుమీద పదినిమిషాలు కప్పి చూడండి. అప్పుడు అందుకొంటే పంపు అరిగినట్టే, ఇక దాన్ని విప్పవచ్చును. చన్నీళ్ళు మాత్రం నేరుగా పోయవద్దు.

రెండు అలవాట్లు మానుకోవలెను. పెట్రోలు గుడ్డనో, ఈథరు స్ప్రేనో ఎయిర్ ఫిల్టరు దగ్గర చూపి ఇంజనును లేపడం ఒకటి. అది కాని వేళకు భగ్గుమని మండి రింగులు విరుగుతవి, పిస్టను పగులుతుంది. హీటరు ఉన్న ఇంజను అయితే మనిషి ముఖమే కాలవచ్చును. ఇక రెండవది, రాత్రి మిట్టమీద నిలిపి పొద్దున వాలులో వదిలి గేరు వేయడం. లోడుతో ఉన్న లారీ బ్రేకులు గాలితో పనిచేస్తవి. ఇంజను తిరగనిదే ఆ గాలి తయారు కాదు. రాత్రి గాలి దిగిపోయిన పాత బండిని వాలులో వదిలితే, ఇంజను అందుకోనప్పుడు దాన్ని ఆపేది ఏదీ లేదు. స్టీరింగు కూడా బండబారుతుంది. కొత్త బళ్ళలో గాలి లేకపోతే వెనుక బ్రేకులు వాటంతట అవే పట్టుకొంటవి గనుక అవి కదలనే కదలవు. ఒక పూట టమోటా కోసం మనిషిని పోగొట్టుకోరాదు గదా!

కొత్త బళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 2020 ఏప్రిలునుంచి అమ్ముతున్న బీఎస్-6 లారీలలో డీజిలును కంప్యూటరు నడిపిస్తుంది. వాటి నాజిలు గొట్టాలలో ఒత్తిడి వెయ్యి బార్లకు పైమాటే. పాత బండిలోలాగా స్పానరు పెట్టి ఆ నట్టు వదులు చేస్తే, చిమ్మిన డీజిలు చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. వాటికి బ్యాటరీ, టెర్మినళ్ళు, ఫిల్టరులో నీరు, గొట్టంలో గాలి, ఇంతవరకే మనం చూడవలెను. డాష్‌బోర్డుమీద ఇంజను దీపం వెలుగుతూ ఉంటే స్కానరు ఉన్న మెకానిక్కును పిలవండి.

విస్తరణోద్యోగులకు ఒక మనవి. ట్రాక్టరుకూ, డీజిలు పంపుసెట్టుకూ చాలావరకు ఈ పరీక్షలే సరిపోతవి. రైతుల సమావేశంలో ఒక పాత ఇంజను తెచ్చి, గాలి తీయడం చేసి చూపండి. ఇక మెకానిక్కుకు కబురు పెట్టే రైతు “బండి స్టార్టు కాలేదు” అని ఊరుకోకుండా, మొరాయించింది చలిలోనా వేడిమీదనా, సెల్ఫు చురుకుగా తిరిగిందా, పొగ ఏ రంగు, ప్రైమరు కొడితే అందుకొన్నదా, ఈ నాలుగూ చెప్పి పంపవలెను. అప్పుడు అతను కావలసిన వాషర్లు, స్పానర్లు వెంట తెచ్చుకొని ఒకే ట్రిప్పులో పని ముగిస్తాడు.